నువ్వూరుకో

మొన్నో ఆదివారం పొద్దున్నే మా వదిన, అంటే మా ఇంటాయన అక్కగారు, పట్టుచీర కట్టుకుని, చేతిలో కానుక పొట్లంతో మా గుమ్మంలో దిగింది. చీర నలగకుండా క్యాంప్ టూలో వాళ్లింటి నుంచి నెహ్రూ నగర్‌లో మా ఇంటి దాకా ఆటోలో నిటారుగా కూర్చుని వచ్చిందట. "ఏటి, ఇంకా తెమల్లేదా మీరు? రాయ్‌పూర్ వెళ్లాలి కదా" అంది. రాయ్‌పూర్‌లో నాతో పనిచేసే ఆవిడ కూతురి పెళ్లి. ఆ పెళ్లికీ మా వదినకీ ఏ సంబంధమూ లేదు.

జరిగిందేమిటంటే, ముందురోజు ఆవిడ ఫోన్ చేస్తే మా అబ్బాయి తీశాడు. "అత్తా, రేపు మనం రాయ్‌పూర్ పెళ్లికెళ్తున్నాం" అన్నాడు. మేము వెళ్తున్నాం, ఇంట్లో ఉండం, రావద్దు అని వాడి భావం. భిలాయిలో పుట్టిన పిల్లాడు, వాడికి వచ్చింది హిందీ. హిందీలో 'హమ్' అంటే సరిపోతుంది, అందులో ఎదుటివాళ్లు ఉన్నారో లేదో ఎవరూ అడగరు. తెలుగులో అలా కుదరదు. 'మేము' అంటే ఎదుటివాళ్లని గుమ్మం బయట నిలబెట్టడం, 'మనం' అంటే లోపలికి పిలిచి పీట వేయడం. మావాడు తెలియక పీట వేశాడు, ఆవిడ వచ్చి కూర్చుంది. ఇంక చేసేదేముంది, కారులో సర్దుకుని వెళ్లాం. పెళ్లికూతుర్ని మాకంటే ఆవిడే నిండుగా దీవించి వచ్చింది.

తిరిగొస్తుంటే దారంతా మా ఇంటాయన పగలబడి నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను కానీ కాసేపటికి నా నవ్వు ఆగిపోయింది. తెలియక కాదు, బాగా తెలిసి, కావాలని ప్రతి మాటకీ 'మనం' అనే మనిషి ఒకావిడ నాకు గుర్తొచ్చింది. ఉక్కు ప్లాంటు క్వార్టర్లుండే సెక్టర్ సిక్స్‌లో ఉండేది. పోయిన చలికాలంలో కన్నుమూసింది. పేరు చెప్పను. చెబితే ఆ సెక్టర్‌లో సగం మంది "ఓ, ఆ గయ్యాళిదా" అంటారు.

నేను ఆవిణ్ణి పిన్ని అనేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాన్న, వాళ్లాయన ఒకే షిఫ్టులో పక్కపక్కన సైకిళ్లు తొక్కుకుంటూ ప్లాంటుకి వెళ్లేవాళ్లు. ఇక్కడ చుట్టరికానికి అంతకంటే ఏం కావాలి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. ముక్కుకి రెండు పక్కలా ముక్కుపుడకలు. ఏ పని చేస్తున్నా కొంగు నడుముకి బిగించే ఉండేది, తగువుకి సిద్ధంగా ఉన్నట్టు. గొంతు మాత్రం క్వార్టర్ లోపలినుంచి రోడ్డుమీదకి వినిపించేది.

ఎవరైనా "ఎలా ఉన్నారండీ" అని అడిగితే, "మనకేటమ్మా, బాగున్నాం" అనేది. నేను చిన్నప్పుడు ఆ మాటని పట్టించుకోలేదు. తరవాత, నా ఉద్యోగం నాకు మనుషుల మాటలు వినడం నేర్పాక, అందులో ఉన్న తెలివి అర్థమైంది. పిల్లల్లేరని జాలి పడదామని వచ్చినవాళ్లకి, "మనకేటి లోటు" అని తనతోపాటు వాళ్లనీ కలిపేసేది. ఒకే పీట మీద కూర్చున్నాక ఎవరి మీద ఎవరు జాలి పడతారు? వచ్చినవాళ్లు తెచ్చిన జాలిని తెచ్చినట్టే పట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. 'నేను' అనే మాట ఆవిడ నోట నేను విన్నదే లేదు. వంట చేసినా 'మనం చేసేం', తలనొప్పి వచ్చినా 'మనకి తలనొప్పి'.

నా ఉద్యోగం అన్నాను కదా. నెహ్రూ నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటాను. వచ్చినవాళ్లందరినీ చూసి నవ్వడం నా పని. ఏడుస్తున్నవాళ్లని చూసి కూడా కొంచెం తక్కువ మోతాదులో నవ్వాలి. సాయంత్రానికి దవడలు లాగేస్తాయి. ఇంటికొచ్చాక మావాళ్లని చూసి నవ్వే ఓపిక ఉండదు. "బయటివాళ్లకే నీ నవ్వులన్నీ" అంటాడు మా ఇంటాయన. నిజమే. అందుకే ఆ పిన్ని మీద నాకున్న గౌరవం పనివాళ్లకి పనివాళ్ల మీద ఉండే గౌరవం. ఆవిడ సెలవు లేకుండా పనిచేసింది.

ఇక వాళ్లాయన, మా బాబాయి. ఆయన నోరే ఆయన ఆస్తి. రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు కానీ, పేరు తెచ్చుకున్నది మాటలతోనే. ఎవరింట్లో పెళ్లిమాటలైనా, ఎవరి పెరటి గోడ తగువైనా, వినాయకచవితి పందిట్లో అయినా బాబాయి ఉండాల్సిందే. ముఖ్యంగా ఒక కథ చెప్పేవాడు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరైన ఒక ముసలాయనకి మతి తప్పింది. ఇక్కడి క్వార్టర్లు తెలుసు కదా, అన్నీ ఒకే అచ్చు, అదే గ్రిల్లు, అదే మెట్టు, అదే పసుపు గోడ. ఆ ముసలాయన ఒకరోజు రెండు లైన్ల అవతల ఎవరింట్లోకో వెళ్లి, చెప్పులు విడిచి, మంచం మీద కాళ్లు జాపి, ఆ ఇంటావిణ్ణి "ఏవే, మంచం ఇటు తిప్పేవేటి? టీ పెట్టు" అన్నాడట. ఆవిడ పెట్టిన కేకలకి లైనంతా పోగైందట. బాబాయి దాన్ని నిలబడి, నడిచి, ముసలాయన గొంతుతో, ఆవిడ గొంతుతో చెప్పేవాడు. మా నాన్న నవ్వలేక పొట్ట పట్టుకునేవాడు. ప్రతి పండక్కీ ఎవరో ఒకరు "ఆ కథ చెప్పు" అనేవారు. ఆ ముసలాయన ఇంటివాళ్లు ఆ సెక్టర్‌లోనే ఉన్నారనీ, వాళ్ల చెవిన ఆ కథ ఎన్నిసార్లు పడిందోననీ మాకెవరికీ తట్టలేదు.

రిటైరై, ఆ క్వార్టర్‌నే లీజుకి తీసుకుని ఉంటున్న కొన్నేళ్లకి, బాబాయి మాట తగ్గిపోయింది. తగ్గిపోయింది అనుకోలేదు ఎవరూ, పిన్ని నొక్కేసింది అనుకున్నారు. కారణం కళ్లముందే ఉంది. ఎవరొచ్చినా ముందుగదిలో కుర్చీలో ఇస్త్రీ చొక్కాతో, దువ్విన తలతో ఆయన ఉండేవాడు. పక్కనే స్టూలు మీద ఆవిడ. "ఏం బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?" అంటే ఆయన నోరు తెరిచేలోపు "ఆయన్నేటడుగుతావు, మనల్నడుగు" అనేది. ఆయన ఏదో అనబోతే "నువ్వూరుకో. నీకేటి తెలుసు?" అని కసిరేది. వచ్చినవాళ్లు మొహమొహాలు చూసుకునేవాళ్లు. ఆయన మాత్రం చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి అందరికీ ఆయన మీద ప్రేమ పెరిగిపోయేది.

"ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు" అనేది మా అమ్మ. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోటికి ఊరు కాదు కదా, మొగుడే మిగలడు." మా అమ్మ ఎవరినీ తేలిగ్గా ఒక మాట అనే మనిషి కాదు. ఆవిడే అలా అందంటే మిగిలినవాళ్లు ఏమన్నారో మీరే ఊహించుకోండి.

ఒకరోజు మధ్యాహ్నం మా ఆసుపత్రి కౌంటర్ దగ్గరకి ఒకావిడ వచ్చింది. ఇక్కడ ఎండకీ దుమ్ముకీ ఆడవాళ్లు మొహమంతా స్కార్ఫ్ చుట్టుకుని కళ్లు మాత్రం బయటపెట్టి స్కూటర్ల మీద తిరుగుతుంటారు. కాలేజీ పిల్లలు చుట్టుకునేదాన్ని ఈ వయసులో చుట్టుకుందేమిటి అనుకున్నాను. వెనకాల తలకి మఫ్లర్‌తో ఒక మగమనిషి. నేను అలవాటుగా నవ్వి, "పేషెంట్ కా నామ్?" అన్నాను. ఆవిడ నన్ను చూసి బిగుసుకుపోయింది. గుర్తుపట్టింది. నేను పట్టలేదు. ఆవిడ పేరు చెప్పకుండా తడబడుతుంటే, వెనకున్న మనిషి ముందుకొచ్చి, కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించి, స్పష్టమైన తెలుగులో అన్నాడు.

"బొబ్బిలికి రెండు టిక్కెట్లియ్యమ్మా. కిటికీ పక్కన."

ఆ గొంతు విన్నాక ఇంకేం గుర్తుపట్టాలి. లైన్లో ఉన్నవాళ్లకి తెలుగు రాకపోయినా టిక్కెట్లన్న మాట అర్థమైంది. ఒకడు పళ్లికిలించాడు. పిన్ని చటుక్కున వెనక్కి తిరిగి, "హమారే ఇన్కో మజాక్ కీ ఆదత్ హై" అంది, మా ఆయనకి హాస్యం ఎక్కువ అన్నట్టు. అని గట్టిగా నవ్వింది. స్కార్ఫ్‌లోంచి వచ్చిన ఆ నవ్వు ఉద్యోగానికి నవ్వే నవ్వని నాకు వెంటనే తెలిసిపోయింది. నేను రోజూ నవ్వేదే కదా.

"వెయిటింగ్ లిస్టులో ఉంది బాబాయ్, కాసేపు కూర్చోండి" అన్నాను. ఆయన సంతోషంగా వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

వాళ్లకి కంపెనీ ఆసుపత్రి ఉంది. రిటైరైనవాళ్లకీ చూస్తారు, బాగా చూస్తారు. కానీ అక్కడ వరసలో నిలబడితే ముందువాడు మిల్లువాడు, వెనకవాడు సెక్టర్‌వాడు. ఎవరికీ తెలియని చోటని ఇంతదూరం వచ్చింది. ఇక్కడ నేనున్నాను.

బాబాయిని డాక్టరు లోపలికి పిలిచి చూస్తుంటే, పిన్ని బయటికొచ్చి నా మణికట్టు పట్టుకుని మెట్ల దగ్గరకి లాక్కెళ్లింది. స్కార్ఫ్ కిందకి లాగింది. చెమటతో మొహం ఉడికిపోయి ఉంది.

"నువ్వు సూడనేదు" అంది.

"పిన్నీ, జబ్బు అందరికీ వస్తుంది. ఇందులో దాచాల్సిందేముంది?"

"నేదనే నీకు తెలుసు, మనకి తెలుసు. మిగతావోళ్లకి తెలుసేటి? ఆ కోక్ ఓవెన్స్ ముసలాయన కథ ఎన్నిసార్లు విన్నావు నువ్వు? నవ్వేవా లేదా?"

నవ్వానని తలూపాను.

"ఆ కథ చెప్పింది ఈయనే కదా. మొదట్లో, కొంచెం కొంచెం మరుస్తున్నప్పుడే, ఆయనకే తెలిసిపోయింది. ఒకరోజు మన చెయ్యట్టుకుని, 'నాకూ అదే వచ్చినట్టుందే. నా కథ ఎవరిచేతా చెప్పనియ్యకు' అన్నాడు. అంతే అడిగేడు జన్మకి. నగలడిగేడా, పిల్లల్నడిగేడా."

"అందుకని మీరు అందరి ముందూ ఆయన్ని కసురుతున్నారా?"

"మరేటి సెయ్యమంటావు? ఆయన నోరు తెరిస్తే బొబ్బిలి టిక్కెట్టే వస్తాది. గయ్యాళి పెళ్లాం చేతిలో పడ్డాడంటే అయ్యో పాపం అంటారు. మతి పోయిందంటే నవ్వుతారు. అయ్యో అనిపించుకోడం నయం కదా."

అంత సులువుగా, కూర ధర చెప్పినట్టు చెప్పేసింది. ఇన్నాళ్లూ ఆవిణ్ణి తిట్టుకున్న మనుషులందరూ నా కళ్ల ముందు తిరిగారు. ఇంటిగుట్టు లంకకి చేటన్నారు గానీ, ఆ గుట్టు కాపాడటానికి తన పేరునే తగలబెట్టుకునే మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

"ఎవరికీ సెప్పకు. మీ అమ్మక్కూడా" అంది. చెప్పనన్నాను.

ఆ తరవాత సెక్టర్ సిక్స్ వెళ్లినప్పుడల్లా నాకు ఆ ముందుగది వేరేగా కనపడేది. 'నువ్వూరుకో' ఎప్పుడు పడుతుందో గమనించేదాన్ని. ఊరికే పడేది కాదు. ఆయన కళ్లు ఒకచోట ఆగి, పెదవులు మాట కోసం వెతకడం మొదలుపెట్టిన ఆ క్షణానికే పడేది. ఒక్క క్షణం ముందు కాదు, వెనక కాదు. కుర్చీ వెనక ఆవిడ చెయ్యి ఉండేది. వీపు మీద తడితే ఆయన నవ్వేవాడు. మోచేయి తాకితే నమస్కారం పెట్టేవాడు. వచ్చినవాళ్ల పేర్లు ముందుగానే వాళ్ల నోటితోనే చెప్పించేది, "పేరు చెప్తే గానీ గుమ్మం దాటనివ్వం, గట్టిగా చెప్పు" అనో, "నీ పేరు మేనకోడలికి పెడదామనుకుంటన్నాం, మళ్లీ చెప్పు" అనో ఏదో ఒకటి కల్పించి. వచ్చినవాళ్లు వెళ్లిపోయి గేటు గొళ్లెం పడ్డాక, ఆవిడ స్టూలు మీంచి లేచేది కాదు. చాలాసేపు అలాగే కూర్చునేది. నేను టీ పెట్టిచ్చేదాన్ని. వేడి చల్లారిపోయాక తాగేది.

ఇదంతా ఎన్నాళ్లు నడుస్తుందని నాకు దిగులుగా ఉండేది. ఒక ఏడాది ఉగాదికి ఆ దిగులు నిజమైంది.

మా తెలుగువాళ్ల ఉగాది సభలో రిటైరైన పెద్దలకి శాలువా కప్పుతారు. ఆ ఏడాది బాబాయి వంతు. సభ చూసుకునే సెక్రటరీగారు బాబాయితో మిల్లులో పనిచేసినాయనే. పెద్ద మీసాలు, మంచి మనిషి. ఇంటికొచ్చి పిలిచాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. "మనకి శాలువాలెందుకండీ, ఎండల్లో కప్పుకుంటామేటి?" అని పిన్ని తప్పించబోయింది. సెక్రటరీగారు ఆవిణ్ణి పట్టించుకోకుండా, "ఏం గురూ, వస్తావా?" అన్నాడు. ఆ మాటకి బాబాయి వెన్ను నిటారైంది. ఎవరూ తట్టకుండానే నవ్వి, "వస్తాం" అన్నాడు.

ఇంక తప్పలేదు. సభ దాకా రోజూ పిన్ని ఆయనతో ఒకటే మాట సాధన చేయించింది. లేచి నిలబడు, చేతులు జోడించు, 'అందరికీ నమస్కారం' అను, కూర్చో. పిల్లలకి బళ్లో పద్యం నేర్పినట్టు. నేను వెళ్లినప్పుడు నన్ను సభ అనుకుని నా ముందు చేయించింది. బాగానే చేశాడు.

సభ రోజు ముందు వరసలో వాళ్లిద్దరూ, వాళ్ల వెనక వరసలో నేను. పచ్చడి పంచారు, పంచాంగం చదివారు, పిల్లలు హిందీ పాటకి డాన్సు చేశారు. బాబాయిని పైకి పిలిచారు. శాలువా కప్పారు. మైకు ముందుకొచ్చి, చేతులు జోడించి, పాత బాబాయి గొంతుతో "అందరికీ నమస్కారం" అన్నాడు. హాలంతా చప్పట్లు. పిన్ని భుజాలు కిందకి దిగడం నేను వెనకనుంచి చూశాను.

ఆ చప్పట్లే కొంప ముంచాయి. ఆయన కూర్చోలేదు. చప్పట్ల రుచి ఆయనకి గుర్తుంది. మైకుని దగ్గరకి లాక్కుని, "మన కోక్ ఓవెన్స్‌లో ఒక ముసలాయన ఉండేవాడండీ" అన్నాడు.

హాలు గొల్లుమంది. మళ్లీ ఆ కథ, ఎన్నేళ్లకి. జనం కుర్చీల్లో సర్దుకున్నారు. ఆయన నడక మొదలుపెట్టాడు, ముసలాయన నడక. "రెండు లైన్లు దాటి వెళ్లేడు. తలుపు తీసే ఉంది. చెప్పులు విడిచేడు. లోపలికెళ్లి..."

ఆగాడు. అందరూ తరవాతి మాట కోసం చూస్తున్నారు. ఆయన వేదిక చుట్టూ చూశాడు. తోరణాలు చూశాడు, పక్కన నిలబడ్డ సెక్రటరీగారిని చూశాడు. ఆయన మొహంలోకి ఒక భయం వచ్చింది. మెల్లగా, మైకులోనే, "ఇది ఎవరిల్లండీ?" అన్నాడు.

కథలో మాటే అనుకుని కొందరు నవ్వారు. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వలేదు. ఇంకొక్క క్షణం అలా గడిస్తే హాలంతా అర్థమైపోయేది.

పిన్ని లేచింది. "చాల్లే నువ్వూరుకో" అని అరిచింది. వేదిక ఎక్కి, మైకు పక్కకి తోసి, సెక్రటరీగారి మీద విరుచుకుపడింది. తమకంటే చిన్నవాడికి ముందు శాలువా కప్పుతారా అంది. ఇచ్చిన శాలువా గుమ్మానికి తెరగా కూడా పనికిరాదంది. పచ్చడిలో వేపపువ్వు లేదంది. ఇరవై ఏళ్లనాటి తగువులు తవ్వింది. సెక్రటరీగారు పాపం చేతులు జోడించాడు. జనంలోంచి "కూర్చోబెట్టండి ఆవిణ్ణి", "ఛీ ఛీ", "ఏం ఆడది బాబూ" అని మాటలు. ఇప్పుడు ఎవరూ బాబాయిని చూడటం లేదు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, కొంగు దులిపి, మధ్య దారిలోంచి హాలు బయటికి నడిపించుకుపోయింది. ఆయన్ని చూసి దారి పొడుగునా అందరూ అయ్యో అన్నారు.

నేను వెనకే పరిగెత్తాను. గేటు బయట ఆటో కోసం నిలబడ్డారు. బాబాయి శాలువా అంచు సవరించుకుంటున్నాడు. "బాగా మాట్లాడేనా?" అని అడిగాడు.

"చాలా బాగా మాట్లాడేవు" అంది పిన్ని. చెయ్యి వదల్లేదు. లోపల మైకులో ఎవరో సభని శాంతపరుస్తున్నారు. ఆవిడ నావైపు తిరగకుండానే, రోడ్డు వైపు చూస్తూ అంది.

"నేనలిసిపోయేనే అమ్మీ."

మనం కాదు, మనకి కాదు. నేను. అన్నేళ్ల పరిచయంలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. చెమటకి రవిక తడిసిపోయి ఉంది. ఆటో వచ్చింది. "చలో భయ్యా, సెక్టర్ సిక్స్" అని ఎప్పటి గొంతుతోనే కేక పెట్టి, ఆయన్ని ముందు ఎక్కించి, తను ఎక్కింది.

ఆ తరవాతి చలికి బాబాయి నిద్రలోనే వెళ్లిపోయాడు. చూడటానికి సెక్టరంతా వచ్చింది. "ఇప్పటికి ప్రశాంతంగా ఉన్నాడు" అన్నారు, ఆవిడకి వినిపించేలాగే. ఆవిడ విన్నది.

ఒంటరిగా ఉన్న రోజుల్లో ఆ ఇంటికి ఎవరూ పెద్దగా వెళ్లేవాళ్లు కాదు. గయ్యాళి ఇంటికి ఎవరెళ్తారు. బజార్లో ఎదురైతే పక్కకి తప్పుకునేవాళ్లు. నాకు కోపం వచ్చేది. ఒకసారి ఉండబట్టలేక అన్నాను, "పిన్నీ, ఇప్పుడైనా చెప్పనివ్వండి. ఆయన లేరు. ఇంకెవరి కోసం ఈ నింద?" అని.

చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. "ఇప్పుడు సెప్తే మళ్లీ మొదలెడతారు. ఆ ఉగాది రోజు ఏటన్నాడో, ఎలగ సూసేడో, ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని కథ కడతారు. కథలు కట్టడం ఈయన దగ్గరే నేర్చుకున్నారు కదా అందరూ." ఇంకో కాయ తీసుకుని, "మనం పోయినా సెప్పకు" అంది. నేను సరేననలేదు, కాదనలేదు. అలసటగా అనిపించి, నేనూ నాలుగు కాయలు తీసుకుని ఒలిచాను.

పోయిన చలికాలంలో ఆవిడా పోయింది. బొబ్బిలి నుంచి తమ్ముడు వచ్చి కర్మ చేశాడు. పన్నెండో రోజు భోజనాలకి క్వార్టర్ ముందు షామియానా వేశారు. నేను ఊహించినదానికంటే ఎక్కువమందే వచ్చారు. సెక్రటరీగారు నా ఎదుట బంతిలో కూర్చున్నారు. మీసాలు తెల్లబడ్డాయి. పులిహోర బాగుందన్నారు. తరవాత పాత రోజుల్లోకి వెళ్లారు.

"మా గురువు మిల్లులో ఉన్నప్పుడు ఎంత మాటకారో మీకు తెలీదు" అని పక్కవాళ్లకి చెప్తున్నారు. "ఆయన నవ్వించినట్టు ఎవరూ నవ్వించలేరు. ఆఖర్న మూగోడిలా అయిపోయాడు. పోయినావిణ్ణి అనకూడదు గానీ, ఆ నోటికి జడిసి జడిసి నోరు కట్టేసుకున్నాడు పాపం." పక్కవాళ్లు తలలూపారు. ఒకావిడ "ఉగాదినాడు ఆ మహాతల్లి చేసిన రచ్చ నేను చూశాను" అంది.

సెక్రటరీగారు నావైపు తిరిగారు. "నువ్వు ఆ ఇంటికి ఎక్కువ వెళ్లేదానివి కదమ్మా. నువ్వే చెప్పు. ఆయనకి ఇంకేమైనా ఉండేదా, లేక అంతా ఆవిడ వల్లేనా? అప్పుడప్పుడు నాకు అనుమానంగా ఉంటుంది."

బంతిలో అందరూ నన్ను చూశారు. చెప్పడానికి నా దగ్గర మాటలన్నీ ఉన్నాయి. నాలుగు వాక్యాలు చాలు, అక్కడున్నవాళ్లందరూ చేతులు కడుక్కోకుండా ఆవిడ ఫోటో ముందుకెళ్లి దండం పెట్టేవాళ్లు. పెట్టాక, ఇళ్లకి వెళ్లే దారిలో, బాబాయి ఎవరింటి తలుపు తీసి ఉంటాడా అని మాట్లాడుకునేవాళ్లు.

నేను నవ్వాను, ఉద్యోగంలో నవ్వినట్టే.

"ఇంకేముంటుందండీ" అన్నాను. "ఆవిడ నోరే. ఆయన్ని ఒక్కనాడు ఒక్క మాట మాట్లాడనిచ్చింది కాదు."

సెక్రటరీగారు స్థిమితపడి, మజ్జిగ వెయ్యమని పిలిచారు.